గోడ లోపలి వ్యాపారం: ఆంక్షల మధ్య ఇరాన్ స్టార్టప్‌లు ఎలా ఎదిగాయి, ఎక్కడ ఆగిపోయాయి

క్లుప్తంగా: ఆంక్షలు పడిన దేశంలో వ్యాపారం ఆగిపోదు, దారి మళ్లుతుంది. విదేశీ కంపెనీలు రాకపోవడంతో ఇరాన్‌లో సొంత ఆన్‌లైన్ దుకాణాలు, ట్యాక్సీ యాప్‌లు, యాప్ స్టోర్లు పెద్దవయ్యాయి. అయితే బ్యాంకుల దారి మూసుకుపోవడంతో అవి దేశం దాటలేకపోయాయి, బయటి పెట్టుబడీ నిలవలేదు. సరుకు తయారు చేసేవారి కంటే దాన్ని సరిహద్దు దాటించగలిగేవారికే ఎక్కువ మిగిలే పరిస్థితి ఏర్పడింది.

2025 సెప్టెంబర్ 28న ఇరాన్ మీద ఐక్యరాజ్య సమితి ఆంక్షలు మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఆ వార్త చదివితే రెండు సందేహాలు రావడం సహజం. నలభై ఏళ్లకు పైగా ఆంక్షల్లోనే ఉన్న దేశానికి కొత్తగా వచ్చే కష్టమేమిటి? ఇన్ని ఆంక్షలున్నా టెహ్రాన్‌లో జనం యాప్‌తో ట్యాక్సీ బుక్ చేసుకుంటున్నారు, ఆన్‌లైన్‌లో ఫోన్లు కొంటున్నారు, మరి ఆంక్షలు పనిచేస్తున్నట్టా లేనట్టా?

రెండో ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. ఆ యాప్‌లు నిజమే, వాటి వెనక ఉన్న ఇంజినీర్ల నైపుణ్యమూ నిజమే. కానీ ఒక కంపెనీ పుట్టడం వేరు, పెరిగి పెద్దదై దేశం దాటడం వేరు. ఆంక్షలు మొదటిదాన్ని పెద్దగా ఆపలేకపోయాయి, రెండోదాన్ని మాత్రం దాదాపు పూర్తిగా ఆపేశాయి. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ముందు ఆంక్షలు ఎక్కడ పట్టుకుంటాయో చూడాలి.

## పొర మీద పొర

1979లో టెహ్రాన్‌లోని అమెరికా దౌత్య కార్యాలయాన్ని ఆక్రమించి సిబ్బందిని బందీలుగా పట్టుకున్నప్పుడు మొదటి ఆంక్షలు పడ్డాయి. 1995లో క్లింటన్ ప్రభుత్వం ఇరాన్‌తో అమెరికన్ల వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. అణు కార్యక్రమం వివాదంతో 2006 నుంచి ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆంక్షల తీర్మానాలు మొదలయ్యాయి. 2012లో ఐరోపా దేశాలు ఇరాన్ చమురు కొనడం మానేశాయి. ఆ ఏడాది మార్చిలోనే ఆంక్షల జాబితాలో ఉన్న ఇరాన్ బ్యాంకులను స్విఫ్ట్ నుంచి తీసేశారు. ప్రపంచంలోని బ్యాంకులు ఒకదానికొకటి చెల్లింపు సందేశాలు పంపుకునేది దాని మీదే. అణు కార్యక్రమం మీద 2015 జులైలో అగ్ర దేశాలతో కుదిరిన ఒప్పందంతో 2016 జనవరి నుంచి చాలావరకు సడలింపు వచ్చింది. 2018 మేలో ట్రంప్ ఆ ఒప్పందం నుంచి తప్పుకోవడంతో అమెరికా ఆంక్షలు అదే ఏడాది ఆగస్టులో కొన్ని, నవంబర్‌లో మిగిలినవి తిరిగొచ్చాయి. 2025లో తిరిగొచ్చి చేరింది సమితి పొర. కాబట్టి ‘మళ్లీ కొత్తగా ఏమిటి’ అంటే, పాత గోడకు ఇంకో వరస ఇటుకలు పడ్డాయన్నమాట.

ఇందులో మామూలు వ్యాపారిని అన్నిటికంటే గట్టిగా తాకేవి సెకండరీ ఆంక్షలు. అమెరికా తన పౌరులను, తన కంపెనీలను కట్టడి చేయడం ప్రాథమిక ఆంక్ష. ఇరాన్‌తో లావాదేవీ పెట్టుకున్న మూడో దేశపు కంపెనీని, బ్యాంకును కూడా డాలర్ వ్యవస్థ నుంచి వెలివేస్తానని చెప్పడం సెకండరీ ఆంక్ష. అందుకే ఇరాన్‌తో ఏ తగవూ లేని దేశంలోని బ్యాంకు కూడా ‘ఇరాన్’ అన్న పేరు కనబడగానే ఫైలు పక్కన పెట్టేస్తుంది.

దానికి గట్టి కారణం ఉంది. ఇరాన్, సూడాన్, క్యూబా లావాదేవీల విషయంలో 2014లో ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు అమెరికాకు దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఆ తర్వాత ఏ బ్యాంకు అధికారైనా వేసుకునే లెక్క ఒకటే. ఒక ఇరాన్ ఖాతాదారు వల్ల ఏడాదికి వచ్చే కమిషన్ కొన్ని వేల డాలర్లు, పొరపాటు జరిగితే పోయేది వందల కోట్లు. అలాంటప్పుడు చట్టం అనుమతించిన లావాదేవీని కూడా ఎందుకు ముట్టుకోవాలి? మందులు, ఆహారం కాగితం మీద ఆంక్షల పరిధిలోకి రావు. అయినా వాటికి డబ్బు పంపే బ్యాంకు దొరకడం కష్టం. వాస్తవంలో ఆంక్షల బరువు చట్టం రాసిన చోట కంటే ఈ భయంలోనే ఎక్కువగా ఉంది.

ఐరోపా దేశాలు దీనికి ఒక దారి వెతికాయి. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ కలిసి 2019 జనవరిలో ఇన్‌స్టెక్స్ అనే సంస్థను పెట్టాయి. డాలర్లు సరిహద్దు దాటే పని లేకుండా ఎగుమతులు, దిగుమతుల పద్దులను ఒకదానికొకటి చెల్లు వేయడం దాని ఉద్దేశం. మొదటి లావాదేవీ, అదీ వైద్య సామగ్రిది, పూర్తవడానికి 2020 మార్చి దాకా పట్టింది. 2023లో సంస్థను మూసేశారు. మూడు పెద్ద ప్రభుత్వాలు వెనక నిలబడినా బ్యాంకుల భయం పోలేదంటే, చిన్న వ్యాపారి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

## ఖాళీగా ఉన్న మైదానం

2006లో హమీద్, సయీద్ మొహమ్మదీ అనే కవల సోదరులు టెహ్రాన్‌లో డిజీకాలా మొదలుపెట్టారు. కెమెరా కొనబోతే నమ్మదగిన సమాచారం ఎక్కడా దొరక్కపోవడం దానికి మూలం. అందుకే ఆ సైట్ మొదట్లో వస్తువుల సమీక్షల మీదే నిలబడింది. తర్వాత అది దేశంలోకెల్లా పెద్ద ఆన్‌లైన్ దుకాణమైంది. 2014లో వచ్చిన స్నాప్ ట్యాక్సీ యాప్‌గా మొదలై తర్వాత భోజనం, కిరాణా, టికెట్ల దాకా విస్తరించింది. దానికి పోటీగా తప్సీ వచ్చింది. పాత వస్తువులు అమ్ముకోవడానికి దీవార్, వీడియోలకు ఆపరాత్, దారి చూపడానికి నెషాన్, బలద్ ఉన్నాయి.

పోటీ లేకపోవడం వల్లే ఇవి పెరిగాయనడం సగం నిజమే. మిగతా సగం ఆంక్షలతో సంబంధం లేనిది. ఇరాన్ జనాభా దాదాపు 9 కోట్లు. షరీఫ్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల నుంచి ఏటా గట్టి ఇంజినీర్లు బయటికొస్తారు. షెతాబ్ అనే అంతర్బ్యాంకు వ్యవస్థ 2002లోనే వచ్చింది, ఏ బ్యాంకు కార్డు అయినా ఏ మెషీన్‌లోనైనా పనిచేస్తుంది. 2014లో మొబైల్ కంపెనీలకు 3జీ, 4జీ అనుమతులు రావడంతో స్మార్ట్‌ఫోన్ ఇంటింటికీ చేరింది. ఇవేవీ లేని దేశంలో ఎంత గోడ కట్టినా లోపల స్నాప్ పుట్టదు.

పోటీ లేకపోవడం ఎంత కలిసొచ్చిందో ఒక పోలికతో తెలుస్తుంది. డిజీకాలా మొదలైన మరుసటి ఏడాది, 2007లో, మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ మొదలైంది. 2013లో అమెజాన్ ఇక్కడికి వచ్చింది. తట్టుకోవడానికి ఫ్లిప్‌కార్ట్ విదేశీ పెట్టుబడిని కుమ్మరించాల్సి వచ్చింది, చివరికి 2018లో వాల్‌మార్ట్ చేతికి వెళ్లింది. డిజీకాలాకు ఆ పరీక్ష రాలేదు. అంత పెట్టుబడి తెచ్చుకునే వీలూ, అంత ధరకు అమ్ముకునే అవకాశమూ కూడా రాలేదు. గోడ కాపాడింది, ఆ గోడే ఆపేసింది.

కాఫే బాజార్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇరాన్ డెవలపర్ తన యాప్‌ను గూగుల్ ప్లేలో డబ్బుకు అమ్ముకోలేడు, ఎందుకంటే అమ్మకపు ఖాతా ఇవ్వరు. ఇరాన్ వినియోగదారు కొనాలన్నా ఆ దేశపు కార్డు బయట దాదాపు ఎక్కడా చెల్లదు. ఈ రెండు ఇబ్బందుల మధ్య ఉన్న జాగాలో 2011లో కాఫే బాజార్ పుట్టింది. స్థానిక కార్డుతో చెల్లించే ఏర్పాటు చేసి ఆండ్రాయిడ్ యాప్‌ల సంతగా మారింది. అంటే ఇక్కడ ఆంక్ష పోటీదారును అడ్డుకోవడంతో ఆగలేదు, వ్యాపారానికి కావలసిన అవసరాన్ని కూడా అదే సృష్టించింది.

## రెండు వైపులా తాళాలు

ఇరాన్ ప్రోగ్రామర్లు రోజూ వాడే రెండు మాటలు తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఒకటి ‘తహ్రీమ్’, అంటే ఆంక్ష. రెండోది ‘ఫిల్టర్’, అంటే సొంత ప్రభుత్వం పెట్టిన నిషేధం.

పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక డెవలపర్ పని ఇలా సాగుతుంది. ప్రోగ్రామ్‌కు కావలసిన భాగాన్ని డాకర్ హబ్ నుంచి దించుకోబోతే 403 అన్న అంకె వస్తుంది. మీ దేశానికి ఇవ్వం అని దాని అర్థం. ఇది తహ్రీమ్. దాన్ని దాటడానికి ‘షెకన్’ లాంటి డీఎన్‌ఎస్ సేవ, అంటే సైట్ పేరును వేరే దారిలో వెతికి పెట్టే సేవ, పెట్టుకోవాలి. ఫార్సీలో ఆ మాటకు బద్దలు కొట్టేది అని అర్థం. ఇంతలో యూట్యూబ్‌లో ఒక పాఠం చూడాలంటే అది ఫిల్టర్. అవతలి సర్వర్ రమ్మంటుంది, ఇరాన్ ప్రభుత్వం వెళ్లనివ్వదు. దానికి వీపీఎన్ కావాలి, అక్కడ దాన్ని ‘ఫిల్టర్ షెకన్’ అంటారు. వీపీఎన్ వేసుకుంటే దేశీయ బ్యాంకు సైట్ విదేశం నుంచి వచ్చినట్టు భావించి తెరుచుకోదు. దాన్ని ఆపి, చెల్లింపు పని ముగించి, మళ్లీ వేసుకోవాలి. అసలు పని మొదలుపెట్టకముందే ఇలా ఎన్నిసార్లు స్విచ్ నొక్కాలో. ఒక్కొక్కటి చిన్న ఇబ్బందే, రోజుకు గంటో గంటన్నరో ఇలా పోతే మాత్రం ఏ కంపెనీకైనా అది జీతం ఇచ్చి కొనుక్కుంటున్న నష్టం.

2017 ఆగస్టులో యాపిల్ తన స్టోర్ నుంచి స్నాప్ సహా ఇరాన్ యాప్‌లను తీసేసింది. కంపెనీలు వెంటనే ఇంకో దారి పట్టాయి. సొంత ఉద్యోగుల కోసం సంస్థలకు ఇచ్చే ప్రత్యేక ధ్రువపత్రాలతో ఐఫోన్‌లో యాప్ పెట్టించాయి. 2019లో యాపిల్ ఆ ధ్రువపత్రాలనూ రద్దు చేసింది. అప్పుడు బ్రౌజర్‌లోనే యాప్‌లాగా తెరుచుకునే వెబ్ రూపం తయారుచేసుకున్నారు. ఆ పట్టుదల మెచ్చుకోదగ్గదే. కానీ అదే రెండేళ్లలో వేరే దేశాల్లోని ఇలాంటి కంపెనీలు కొత్త సేవల మీద పనిచేశాయి. ఇరాన్‌లోని మంచి ఇంజినీర్లు తమ సమయాన్ని నిన్నటిదాకా పనిచేసిన యాప్‌ను ఇవాళ మళ్లీ పనిచేయించడం మీద పెట్టారు.

ఆంక్షల మీద వచ్చే రాతల్లో లోపలి తాళం ప్రస్తావన తరచుగా తప్పిపోతుంది. 2019 నవంబర్‌లో పెట్రోల్ ధర పెంపు మీద నిరసనలు వచ్చినప్పుడు ఇరాన్ ప్రభుత్వం దాదాపు వారం రోజులు దేశమంతా ఇంటర్నెట్ ఆపేసింది. 2022 సెప్టెంబర్‌లో మహ్సా అమీనీ అనే యువతి పోలీసు కస్టడీలో మరణించిన తర్వాత ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ నిషేధించారు. వాట్సాప్‌ను, గూగుల్ ప్లేను 2024 డిసెంబర్‌లో తిరిగి అనుమతించారు. ఇన్‌స్టాగ్రామ్ నిషేధం చాలా ఇళ్లను నేరుగా తాకింది. బట్టలు కుట్టి, మిఠాయిలు చేసి, నగలు అల్లి అక్కడే ఫొటో పెట్టి అమ్ముకునే వారిలో ఆడవాళ్లు ఎక్కువ. దుకాణం అద్దె కట్టలేనివాళ్లకు, ఉద్యోగం దొరకనివాళ్లకు ఆ పేజీయే దుకాణం. వాళ్ల దుకాణానికి తాళం వేసింది వాషింగ్టన్ కాదు.

## డబ్బు ఎలా కదులుతుంది

టెహ్రాన్‌లో ఒక వ్యాపారి చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి మొబైల్ ఛార్జర్లు తెప్పించుకుంటాడనుకుందాం. బ్యాంకులో డబ్బు కట్టి పంపే వీలు లేదు. ఫెర్దౌసీ వీధిలో ‘సరాఫ్’ అని పిలిచే డబ్బు మార్పిడి వ్యాపారులు ఉంటారు. వారిలో ఒకరికి ఇతను రియాళ్లు ఇస్తాడు. ఆ సరాఫ్‌కు దుబాయ్‌లోనో ఇస్తాంబుల్‌లోనో భాగస్వామి ఉంటాడు. అతని పేరు మీదో, మరో చిన్న కంపెనీ పేరు మీదో ఉన్న ఖాతా నుంచి చైనా వ్యాపారికి యువాన్లు వెళ్తాయి. సరిహద్దు దాటి ఒక్క నోటు కూడా కదలదు. ఇద్దరు సరాఫ్‌ల మధ్య పద్దు మిగులుతుంది. ఇరాన్ నుంచి ఎవరైనా పిస్తానో పెట్రోకెమికల్సో బయటికి అమ్మినప్పుడు ఆ పద్దు చెల్లవుతుంది.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తేమీ కాదు. గల్ఫ్‌కు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ కుటుంబాలకు హవాలా, హుండీ మాటలు బాగా తెలుసు. తేడా ఎక్కడంటే, అక్కడ అది బ్యాంకుకు పక్కదారి. ఇరాన్ వ్యాపారికి చాలాసార్లు అదొక్కటే దారి. దారి ఒకటే అయినప్పుడు దాని మీద కూర్చున్నవాడు అడిగినంత ఇవ్వాలి. ప్రతి మజిలీలో కమిషన్, మధ్యవర్తి ఖాతా స్తంభిస్తే డబ్బు పోయే ప్రమాదం, పైగా మోసం జరిగితే కోర్టుకు వెళ్లలేని పరిస్థితి. ఇవన్నీ చివరికి ఛార్జర్ ధరలోకే వచ్చి చేరతాయి.

దీనికి తోడు రియాల్ పతనం. 2015లో ఒప్పందం కుదిరిన రోజుల్లో బహిరంగ మార్కెట్‌లో డాలర్ ధర దాదాపు 33 వేల రియాళ్లు. 2025 మార్చిలో అది 10 లక్షలు దాటింది. అక్కడి జనం సున్నాల లెక్క తగ్గించుకోవడానికి పది రియాళ్లను ఒక ‘తోమాన్’ అని పిలుచుకుంటారు. ఇప్పుడు తోమాన్లు కూడా లక్షల్లోకి వెళ్లాయి. 2018 తర్వాత ద్రవ్యోల్బణం చాలా ఏళ్లు 30 నుంచి 45 శాతం మధ్య తిరిగింది. అలాంటి చోట ఇవాళ అమ్మిన సరుకు డబ్బుతో రేపు అంతే సరుకు కొనలేం. అందుకే డాలర్ కదిలిన రోజున దుకాణదారు అమ్మకం ఆపి స్టాక్ అట్టిపెట్టుకుంటాడు. ఆన్‌లైన్ సైట్‌లో కూడా ‘స్టాక్ లేదు’ అని కనబడుతుంది. గోదాములో సరుకు ఉంటుంది, దానికి ఏ ధర పెట్టాలో తెలియదు.

ఎగుమతి వైపు చూడాలంటే కుంకుమపువ్వు మంచి ఉదాహరణ. ప్రపంచంలో పండే కుంకుమపువ్వులో దాదాపు 90 శాతం ఇరాన్‌దే, ముఖ్యంగా ఖొరాసాన్ ప్రాంతానిది. అక్టోబర్, నవంబర్ తెల్లవారుజామున ఎండ తగలకముందే పువ్వులు కోసి, ఒక్కో పువ్వు నుంచి మూడేసి ఎర్రటి పోగులు చేత్తో తీయాలి. కిలో కుంకుమపువ్వుకు లక్షన్నర దాకా పువ్వులు కావాలి. ఇంత శ్రమ పడిన సరుకులో పెద్ద భాగం బస్తాల లెక్కన స్పెయిన్‌కో దుబాయ్‌కో వెళ్తుంది. అక్కడ ఒక గ్రాము చొప్పున అందమైన డబ్బాల్లోకి మారి వేరే పేరుతో ప్రపంచమంతా అమ్ముడవుతుంది. ఖొరాసాన్ వ్యాపారికి తన పేరుతో అమ్ముకోవాలని లేక కాదు. కార్డు చెల్లింపు తీసుకునే ఖాతా, బీమా, రవాణా ఇవేవీ అతని చేతికి అందవు. 2018 ఆగస్టులో ఇరాన్ తివాచీలు, పిస్తా, కేవియర్ లాంటి వాటి దిగుమతిని అమెరికా మళ్లీ నిషేధించింది. 1994లో 200 కోట్ల డాలర్లకు అటూ ఇటుగా ఉన్న తివాచీ ఎగుమతులు అప్పటికే తగ్గిపోతున్నాయి, ఆ నిషేధంతో మరీ కుంగిపోయాయి. తివాచీ నేసేవారు ఏ అణు కేంద్రంలోనూ పనిచేయరు.

## పెట్టుబడి ఎక్కడి నుంచి

స్టార్టప్‌కు మొదటి పెట్టుబడి ఎంత ముఖ్యమో, పెట్టినవాడు తర్వాత బయటపడే దారి అంత ముఖ్యం. 2014, 2018 మధ్య ఆ దారి తెరుచుకునేలా కనిపించింది. స్నాప్ మాతృసంస్థలో జర్మనీకి చెందిన రాకెట్ ఇంటర్నెట్, దక్షిణాఫ్రికాకు చెందిన ఎంటీఎన్ భాగస్వాములయ్యాయి. స్వీడన్‌లో నమోదైన పోమెగ్రనేట్ అనే సంస్థ ఐరోపా మదుపరుల డబ్బును డిజీకాలా, కాఫే బాజార్ వెనక ఉన్న సరావా అనే సంస్థలోకి తెచ్చింది. 2018 తర్వాత కొత్త డబ్బు ఆగిపోయింది. పాత వాటాలు అమ్ముకుందామన్నా కొనేవారు లేరు.

ఇక మిగిలింది దేశీయ డబ్బు. ద్రవ్యోల్బణం 40 శాతం ఉన్నప్పుడు డబ్బున్నవారికి బంగారం, ఫ్లాటు, డాలర్ కొని ఊరుకోవడమే తెలివైన పని. ఏడెనిమిదేళ్లు నష్టాలు భరించి తర్వాత లాభం చూపే కంపెనీలో ఎవరు పెడతారు? 2022లో తప్సీ టెహ్రాన్‌లోని ఫరాబూర్స్ అనే షేర్ మార్కెట్‌లో నమోదైంది. అది ముఖ్యమైన అడుగే, అయినా అక్కడ వచ్చేదీ రియాళ్లే.

ప్రభుత్వం ఈ లోటు పూడ్చాలని చూసింది. 2010లో చేసిన చట్టం ప్రకారం ‘దానిష్ బున్యాన్’ గుర్తింపు పొందిన కంపెనీలకు, అంటే విజ్ఞానం ఆధారంగా నడిచేవాటికి, 15 ఏళ్ల దాకా పన్ను రాయితీ ఉంటుంది. టెహ్రాన్ పక్కన పర్దీస్ టెక్నాలజీ పార్కు, నగరంలో పాత ఫ్యాక్టరీని మార్చి కట్టిన ఆజాదీ ఇన్నోవేషన్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఆ గుర్తింపు ఉన్న కంపెనీల్లో పనిచేసే అర్హులైన యువకులకు తప్పనిసరి సైనిక సేవ నుంచి వెసులుబాటు కూడా దొరుకుతుంది. బయోటెక్, మందుల రంగంలో దీనికి ఫలితం కనిపించింది. సినాజెన్ లాంటి కంపెనీలు ఖరీదైన జీవ ఔషధాలకు సమానమైనవి తయారు చేస్తున్నాయి. అయితే ప్రభుత్వ గుర్తింపు మీద నిలబడిన కంపెనీ ప్రభుత్వానికి దగ్గరగా ఉండక తప్పదు. అలా దగ్గరైన కంపెనీ రేపు ఆంక్షల జాబితాలో తన పేరు చూసుకునే ప్రమాదం ఉంది.

## గోడ మీద కూర్చున్నవారు

ఆంక్షల కాలంలో బాగా సంపాదించినవారిలో చాలామంది తయారీదారులు కాదు. బాబక్ జంజానీ ఉదంతం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 2012 ప్రాంతంలో చమురు డబ్బును విదేశీ ఖాతాల గుండా దేశానికి చేర్చే పని ప్రభుత్వం తరఫున చేసిన వ్యాపారి ఆయన. వందల కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వలేదన్న కేసులో 2013 డిసెంబర్‌లో అరెస్టయ్యారు. 2016లో మరణశిక్ష పడింది, 2024లో దాన్ని జైలు శిక్షగా తగ్గించారు. లెక్కలు బయటికి చెప్పకూడని వ్యాపారంలో లెక్క తప్పితే పట్టుకునేదెవరు? రహస్యం అవసరమైన చోట అవినీతికి అడ్డు ఉండదు.

విదేశీ కంపెనీలు వెళ్లిపోయిన చోట్లలోకి ఎక్కువగా వచ్చింది కూడా రెవల్యూషనరీ గార్డ్స్ అనే ఇరాన్ సైనిక దళానికి సంబంధించిన సంస్థలు, పెద్ద ధార్మిక ఫౌండేషన్లు. రోడ్లు, డ్యాములు, గ్యాస్ క్షేత్రాల పనుల్లో ఖాతమ్ అల్ అన్బియా అనే గార్డ్స్ నిర్మాణ సంస్థ అతి పెద్దది. రేవులు, విమానాశ్రయాల మీద పలుకుబడి ఉన్నవారికి ఆంక్షలు వ్యాపారావకాశం. మామూలు దిగుమతిదారుకు అవే ఆంక్షలు దివాలా. ఈ గోడకు అట్టడుగున కుర్దిస్తాన్ కొండల్లో ‘కోల్‌బర్’లు ఉన్నారు. ఇరాక్ వైపు నుంచి టీవీలు, టైర్లు, సిగరెట్లు వీపు మీద మోసుకొచ్చే కూలీలు. మంచులోనో తుపాకీ గుండుకో ప్రాణం పోయే ఆ పనిలో వాళ్లకు దక్కేది రోజు కూలీ.

బిట్‌కాయిన్ కూడా ఈ వరసలోదే. చౌక కరెంటును మైనింగ్ ద్వారా, అంటే కంప్యూటర్లు నడిపి కొత్త బిట్‌కాయిన్లు సంపాదించి, డబ్బుగా మార్చి దిగుమతులకు వాడుకోవచ్చని 2019లో ప్రభుత్వం దాన్ని పరిశ్రమగా గుర్తించింది. 2022 ఆగస్టులో క్రిప్టోతో కోటి డాలర్ల విలువైన మొదటి అధికారిక దిగుమతి ఆర్డర్ పెట్టినట్టు ప్రకటించింది. మధ్యలో 2021 మేలో కరెంటు కోతలు భరించలేక నాలుగు నెలలు మైనింగ్ నిషేధించాల్సి వచ్చింది. ఇళ్లలో దీపాలు ఆరిపోతే ఆ లెక్క ఎవరూ ఒప్పుకోరు.

## అన్ని ఆంక్షలూ ఒకటి కాదు

‘మన మీదా ఆంక్షలు పడ్డాయి, మనం ఎదగలేదా’ అనే మాట తరచుగా వినబడుతుంది. 1998 మే పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా భారత్ మీద ఆంక్షలు పెట్టిన మాట నిజం. ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన జాబితాలో హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, రక్షణ పరిశోధన ప్రయోగశాలలు ఉన్నాయి. అదే నెల 22న అదే నగరంలో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఒక పక్క ప్రయోగశాలకు విడిభాగం రాదు, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ కంపెనీకి అమెరికా నుంచే ఆర్డర్లు, డాలర్లు వస్తున్నాయి. ఎందుకంటే అవి ఎక్కువగా సాంకేతికత మీద పెట్టిన ఆంక్షలు, బ్యాంకుల తలుపు తెరిచే ఉంది. ఇరాన్‌కు మూసింది ఆ తలుపునే. టెహ్రాన్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ అమెరికా క్లయింటుకు పనిచేసి బిల్లు పంపడం ఊహకే అందదు. ఈ రెండు అనుభవాలను ఒకే గాటన కట్టడం సరికాదు.

క్యూబా పరిస్థితి ఇరాన్‌కు దగ్గరగా ఉంటుంది. అక్కడ 1962 నుంచి అమెరికా నిషేధం ఉంది, దానికి తోడు ప్రైవేటు వ్యాపారం మీద సొంత ప్రభుత్వ కట్టడి. 100 మంది వరకు పనిచేసే ప్రైవేటు కంపెనీలకు 2021లోగానీ అనుమతి రాలేదు. ఇంటర్నెట్ సరిగా లేని రోజుల్లో సినిమాలు, యాప్‌లు హార్డ్ డిస్క్‌లో నింపి ప్రతి వారం ఇంటింటికీ చేర్చే ‘పకేతే’ వ్యాపారం అక్కడ పుట్టింది. రష్యా మీద 2022లో పడిన ఆంక్షలు పెద్దవే, కానీ అప్పటికే ఎదిగిన యాండెక్స్ లాంటి కంపెనీలు, పెద్ద దేశీయ మార్కెట్, సరుకు దాటించే పొరుగు దేశాలు దానికి ఉన్నాయి.

భారత్‌కూ ఇరాన్‌కూ మధ్య జరిగింది కూడా బ్యాంకు తలుపు కథే. 2012 నుంచి మన రిఫైనరీలు ఇరాన్ చమురు డబ్బులో కొంత భాగం యూకో బ్యాంకులో రూపాయల్లో జమ చేసేవి. ఆ రూపాయలతో ఇరాన్ మన దగ్గర బాస్మతి బియ్యం, టీ, మందులు కొనేది. 2019 మేలో అమెరికా మినహాయింపు ముగిసి మనం చమురు కొనడం ఆపగానే ఆ ఖాతాలోకి కొత్త రూపాయలు రావడం ఆగింది. నిల్వ కరిగేకొద్దీ మన ఎగుమతిదారుల బిల్లులు పెండింగులో పడ్డాయి. బియ్యం మీద ఏ ఆంక్షా లేదు. అయినా బియ్యం వ్యాపారి నష్టపోయాడు.

## తలుపు కొంచెం తెరిచినప్పుడు

సడలింపు వస్తే ఏమవుతుందో 2016 చూపించింది. ఐరోపా వ్యాపార బృందాలతో టెహ్రాన్ హోటళ్లు కిటకిటలాడాయి. ఇరాన్ ఎయిర్ ఎయిర్‌బస్ నుంచి 100, బోయింగ్ నుంచి 80 విమానాలకు ఒప్పందాలు చేసుకుంది. చివరికి ఎయిర్‌బస్ నుంచి మూడు, చిన్న విమానాలు తయారుచేసే ఏటీఆర్ నుంచి 13 వచ్చాయి, బోయింగ్ నుంచి ఒక్కటీ రాలేదు. గ్యాస్ క్షేత్రం నుంచి టోటల్, కార్ల ఫ్యాక్టరీల నుంచి పెజో, రెనో 2018లో వెళ్లిపోయాయి. పెద్ద బ్యాంకులైతే ఆ రెండేళ్లలోనూ అసలు రాలేదు. రేపు మళ్లీ ఒప్పందం కుదిరినా, మూడేళ్లలో తిరగబడదన్న నమ్మకం కలిగేదాకా దీర్ఘకాలపు డబ్బు వచ్చే అవకాశం తక్కువ. అప్పటిదాకా చదువుకున్నవారి వలస సాగుతూనే ఉంటుంది. టొరంటో, బెర్లిన్, ఇస్తాంబుల్‌లలో పనిచేస్తున్న ఇరాన్ ఇంజినీర్లకు ఆ నగరాల్లో దొరికేది జీతం ఒక్కటే కాదు, పనిచేసే బ్యాంకు కార్డు కూడా.

ఆంక్షలను పూర్తిగా ఎత్తేయకుండానే కొన్ని తలుపులు తెరవవచ్చని చెప్పే చిన్న ఉదాహరణ ఒకటుంది. 2019 జులైలో గిట్‌హబ్, అంటే ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే అమెరికా సైట్, ఇరాన్ ప్రోగ్రామర్ల ఖాతాల మీద కట్టడి పెట్టింది. ఏళ్ల తరబడి రాసుకున్న ప్రైవేటు కోడ్ చాలామందికి ఒక్కసారిగా అందకుండా పోయింది. కంపెనీ అమెరికా ఖజానా శాఖకు దరఖాస్తు పెట్టుకుని ఏడాదిన్నర తర్వాత, 2021 జనవరిలో, ప్రత్యేక లైసెన్సు తెచ్చుకుంది. ఉచిత సేవలు, చెల్లింపు సేవలు అన్నీ ఇరాన్ డెవలపర్లకు మళ్లీ తెరుచుకున్నాయి. చెల్లింపు సేవ తీసుకోవాలనుకున్న టెహ్రాన్ యువకుడి చేతిలో ఉన్నది మాత్రం ఇప్పటికీ షెతాబ్ కార్డే. ఆ కార్డు నంబరు గిట్‌హబ్ పేజీలో చెల్లదు.